నీడ చెయ్యెత్తింది

తాడిగెడ్డవలస హైస్కూల్లో పొద్దున్నే గంట కొట్టకముందు అటెండరు పైడిరాజు తరగతి గదుల కిటికీలన్నీ తెరిచేవాడు. గాలి కోసం కాదు, నీడలు రావాలని. ముందు నీడలు వచ్చి వాటి వాటి బెంచీల్లో సర్దుకునేవి. తర్వాత పిల్లలు తోసుకుంటూ వచ్చి మిగిలిన జాగాల్లో కూర్చునేవాళ్ళు. కొత్తగా చేరిన పిల్లాడెవడైనా తెలియక నీడ మీద కూర్చోబోతే, పక్కవాళ్ళు చొక్కా పట్టి లాగి అక్కడ ఫలానా వాళ్ళ అమ్మాయి ఉందని చెప్పేవారు.

బడి మానేసి పనుల్లోకి పోయిన పిల్లల నీడలవి. కొందరు సాలూరు లారీల మీద క్లీనర్లుగా పోయారు, కొందరు ఇటుక బట్టీలకు, కొందరు రైలెక్కి మిల్లులకు. మనుషులు పోయారుగానీ నీడలు మాత్రం బడి మానలేదు. ఎండ ఉన్నా మబ్బు పట్టినా టైముకు వచ్చేవి, సాయంత్రం గంట కొట్టాక పోయేవి. మాస్టర్లు హాజరు పిలిచేటప్పుడు వాటికీ వేసేసేవారు. అందుకే పై ఆఫీసు లెక్కల్లో ఆ బడి ఎప్పుడూ నిండుగానే ఉండేది.

పద్మకుమారి ఆ బడికి హెచ్చెమ్‌గా జూన్ నెలలో వచ్చింది. శృంగవరపుకోట వైపు పడిపోయిన బడినొకదాన్ని నిలబెట్టిందని ఆమెకు పేరు. టెన్త్ ఫలితాల్లో తాడిగెడ్డవలస జిల్లాలోకెల్లా అడుగున ఉంది. ఈ ఏడాది కూడా ఇలాగే ఉంటే బడి ఎత్తేసి గెడ్డ అవతలి బడిలో కలిపేస్తామని పైవాళ్ళు ఆమెతో ముందే చెప్పారు. వానాకాలంలో ఆ గెడ్డ మొలలోతు పారుతుంది. అలా కలిపితే సగంమంది ఆడపిల్లలు ఇంట్లో ఉండిపోతారని ఆమెకు తెలుసు.

మొదటిరోజు ఆమె పదో తరగతి గదికి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయింది. నీడలు ఆమెకు కొత్త కాదు. పాత బడిలోనూ ఒకటీ అరా ఉండేవి. ఇక్కడ పిల్లల కంటే నీడలే ఎక్కువున్నాయి.

ముందు బెంచీలో ఉన్న హైమ అనే పిల్లను లేపి, మూడో తరగతి తెలుగు పుస్తకం ఇచ్చి చదవమంది. హైమ ఒక్కో అక్షరం వేలితో నొక్కి చదివింది. అక్షరాలన్నీ వచ్చాయి, మాట మాత్రం రాలేదు. తర్వాతి పిల్లాడు పుస్తకం తలకిందులుగా పట్టుకున్నాడు, చూసుకుని తిప్పుకున్నాడు, ఆ తర్వాత ఏమీ చదవలేదు. ఎవరూ సిగ్గుపడలేదు. ఇంతకు ముందు చదవమని ఎవరూ అడగలేదు కాబట్టి అందులో సిగ్గుపడాల్సింది ఉందని కూడా వాళ్ళకు తెలియదు. పద్మకుమారి తన గదికి తిరిగొచ్చి కూర్చుంది. టీ తెమ్మంటారా అని పైడిరాజు రెండుసార్లు అడిగాడు. ఆమెకు వినబడలేదు.

ఆ సాయంత్రం మాస్టర్లందరినీ కూర్చోబెట్టింది. రేపటినుంచి మొదటి గంట ఏ తరగతికైనా చదవడం, రాయడమే. సిలబస్సు ఆ తర్వాత. ఎవరూ బోర్డుకు అతుక్కుపోకూడదు, బెంచీల మధ్య తిరుగుతూ చెప్పాలి. నీడల బెంచీలు తీయొద్దు, కానీ నీడలకు హాజరు వేయొద్దు.

లెక్కల మాస్టారు జగన్నాధం అందరికంటే సీనియరు. ఏళ్ళ తరబడి బోర్డు వైపు తిరిగి లెక్క చేసి, చెరిపి, గంట కొట్టగానే వెళ్ళిపోయే మనిషి. చెడ్డవాడు కాదు. వెనక్కి తిరిగితే కనబడే వాటిని చూడలేకే ఆ అలవాటు చేసుకున్నాడు. నీడల్ని తీసేస్తే బడిలో ఎంతమంది మిగులుతారో మేడం చూసుకున్నారా, ఆ లెక్క చూస్తే పైవాళ్ళు ఏడాది కూడా ఆగరని మెల్లగా అన్నాడు.

"నీడకి హాజరేసినన్నాళ్ళు మనిషిని వెతకం కదా మాస్టారూ" అంది పద్మకుమారి.

ఆదివారాలు ఆమె ఇళ్ళకు బయల్దేరింది. సాలూరు లారీల స్టాండుకు పోయి, కళ్యాణ్ అనే పిల్లాడి యజమానితో మధ్యాహ్నం దాకా వాదించి వాణ్ణి వెనక్కి తెచ్చింది. మర్నాడు కళ్యాణ్ వచ్చి తన నీడ పక్కన కూర్చున్నాడు. కాసేపటికి నీడ జరిగి వాడి కిందికి వచ్చేసింది. మాస్టారు పాఠం ఆపలేదు.

అలా తిరుగుతూనే బుల్లమ్మ ఇంటికి వెళ్ళింది. బుల్లమ్మది మొక్కజొన్న, కాస్త వరి పండించుకునే కుటుంబం. మొగుడు గణపతిరావు నడుం పట్టేసి మంచంలో ఉన్నాడు. వాళ్ళమ్మాయి యమున ఎనిమిదో తరగతి అవగానే తమిళనాడులో ఒక దారం మిల్లుకు పోయింది. ఇప్పుడు బడిలో ఉంటే పదో తరగతి. ఆ ఇంట్లో డబ్బుల మాట వస్తుందనుకుని పద్మకుమారి అందుకు సిద్ధపడే వెళ్ళింది. బుల్లమ్మ వేరే మాట చెప్పింది.

"ఎనిమిదేళ్ళు బడికి పంపినాను మేడమ్మా. ఓ పాలి కరెంటాఫీసోళ్ళు కాయితం ఇస్తే సదవమన్నాను. సదవనేకపోనాది. మరి బడికెందుకని ఎల్లిపోనాది. సదువొచ్చుంటే నాను పంపీదాన్ని కాదు."

ఇంటికి వెళ్తూ ఆటోలో కూడా పద్మకుమారికి ఆ మాటే చెవిలో ఉంది. పేదరికం మీద తోసేయడానికి బుల్లమ్మ ఆమెకు చోటివ్వలేదు.

బుల్లమ్మ రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకు బడికి వచ్చేది. పదో తరగతి కిటికీ దగ్గర నిలబడి మూడో బెంచీలో కూతురి నీడను చూసుకునేది. మిల్లువాళ్ళు వారానికోసారి ఫోను చేయనిచ్చేవారు, అదీ వార్డెను పక్కన ఉండగా. ఆ ఫోనులో యమున బాగున్నానని తప్ప ఇంకో మాట అనేది కాదు. నీడనైతే తల్లి తన కళ్ళతో చూసుకోవచ్చు. జడ వేసుకుందా, తిందా, చిక్కిందా అన్నీ తెలిసేవి. చూసుకుని, తృప్తిగా పొలానికి పోయేది.

దసరా వెళ్ళేసరికి బడిలో చప్పుడు మారింది. మొదటి గంటలో అన్ని గదుల్లోంచి చదువు వినబడేది. హైమ పేరా ఆపకుండా చదివింది. నీడలు కూడా బెంచీల మీదికి వంగి రాసుకోవడం మొదలెట్టాయి. జగన్నాధం మొదట్లో రెండు బెంచీల దాకా వచ్చి బోర్డు దగ్గరికి పారిపోయేవాడు. తర్వాత చివరి బెంచీ దాకా రాసాగాడు. ఒకరోజు ప్రశ్న వేసి పిల్లలవైపు చూస్తే, అందరికంటే ముందు యమున నీడ చెయ్యెత్తింది. ఆయన తలూపి చెయ్యి దించమన్నాడు. అప్పట్నుంచి రోజూ ఆ నీడ కుడిచెయ్యి ఎత్తేది, ఆయన తలూపేవాడు. ఆ తలూపడం కోసం ఆయన కూడా ఎదురుచూసేవాడని స్టాఫ్ రూములో అనుకునేవారు.

నవంబరులో, చలి మొదలైన రోజుల్లో ఒక పొద్దున జగన్నాధం త్రిభుజాల లెక్క చెప్పి ప్రశ్న వేశాడు. మూడో బెంచీలో నీడ చెయ్యెత్తింది. ఆయన తలూపబోయి ఆగాడు. చాక్‌పీసు కింద పడింది. ఎత్తిన ఆ చేతికి చూపుడువేలు లేదు. దాని పక్క వేలు లేదు. మిగిలిన వేళ్ళు చాపి, జవాబు తెలిసిన పిల్లలాగే నీడ నిలకడగా చెయ్యెత్తి కూర్చుంది.

పిల్లలందరూ చూశారు. హైమ లేచి వెళ్ళి హెచ్చెమ్ మేడంను పిలుచుకొచ్చింది. వేళ్ళేమైనా ముడుచుకుందేమోనని పద్మకుమారి వంగి దగ్గరగా చూసింది. ముడుచుకోలేదు. ఆమె ఆ బెంచీ చివరే కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం బుల్లమ్మ వచ్చే వేళకు పద్మకుమారి గేటు దగ్గరే నిలబడింది. ఆమెను కిటికీ దాకా వెంట తీసుకొచ్చింది. బుల్లమ్మ కిటికీ చువ్వలు పట్టుకుని చాలాసేపు చూసింది.

"అది కుడి సేత్తోనే తింటాది మేడమ్మా" అంది. "ఇప్పుడెవులు తినిపిస్తన్నారో."

మిల్లుకు ఫోను చేస్తే అమ్మాయి డ్యూటీలో ఉందన్నారు. పద్మకుమారి గట్టిగా అడిగితే ఒక ఫొటో పంపారు. ఫొటోలో యమున నవ్వుతోంది. ఫొటో భుజాల దాకానే తీశారు, చేతులు కనబడవు. అది చూశాక ఆమె ఇంక ఫోను చేయలేదు. సెలవు పెట్టి, బడి బాధ్యత జగన్నాధానికి అప్పగించి, బుల్లమ్మను తీసుకుని విజయనగరంలో రైలెక్కింది. పోయే ముందు తమిళనాడు కార్మిక శాఖ వాళ్ళకూ, పిల్లల రక్షణ చూసే వాళ్ళకూ కబురు పెట్టింది.

మిల్లు గేటు దగ్గర వాళ్ళను ఒక పూటంతా నిలబెట్టారు. అధికారులు వచ్చాకే గేటు తెరిచారు. హాస్టలు వెనక, ఎండ అన్నది రాని వసారాలో యమున ఎడమ చేత్తో చీపురు పట్టుకుని ఊడుస్తోంది. కుడిచేతికి మాసిన గుడ్డ చుట్టి ఉంది. మెషీనులో చెయ్యి పడిందట. ఇంటికి చెబితే జీతం రాదని భయపెట్టి, ఊడ్చే పనిలో పెట్టారట. తల్లిని చూసి ఆ పిల్ల మొదట చెయ్యి వెనక్కి దాచుకుంది. తర్వాత, మీకెవరు చెప్పారని అడిగింది. బడిలో చూశామని బుల్లమ్మ చెప్పింది. యమున తలూపింది.

బయట ఎండలోకి నడిచి వస్తుంటే తల్లికి, మేడంకు నీడలు పడ్డాయి. యమునకు పడలేదు. గేటు కాపలావాడు అది చూసి మొహం తిప్పుకున్నాడు. ఇప్పుడు లెక్కల క్లాసు టైము కదా అనుకుంది పద్మకుమారి.

పుండు మానడానికి ఆసుపత్రి, అధికారుల ముందు వాంగ్మూలాలు, మిగిలిన ఆడపిల్లల్ని బయటికి తేవడం, అన్నీ అయ్యేసరికి మూడు వారాలకు పైనే పట్టింది. తిరిగొచ్చాక యమున కొన్నాళ్ళు ఇంట్లోంచి కదల్లేదు. చివరికి తల్లి పోరు పడలేక ఒకరోజు బడికి వచ్చింది. చదవడానికి రాలేదు. టీసీ ఇప్పించుకుని పోదామని వచ్చింది.

పదో తరగతి గుమ్మంలో ఆమెను చూసి జగన్నాధం పాఠం ఆపాడు. మూడో బెంచీలో నీడ లేచి జరిగి చోటిచ్చింది. యమున మొహమాటంగా వచ్చి కూర్చుంది. నీడ ఆమె కిందికి వచ్చి ఆగింది. కుడిచెయ్యి చున్నీలో చుట్టుకుని ఆమె తల దించుకుంది.

"రాయడానికి సెయ్యి నేదు కదా మేడం, కూకొని ఏటి సెయ్యను" అంది, పక్కనే నిలబడ్డ పద్మకుమారితో.

జగన్నాధం ఒక తెల్లకాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పెన్ను ఆమె ఎడమచేతి పక్కన పెట్టాడు. పెద్ద మాస్టారు పెట్టాడు కదా, కాదనలేక యమున ఎడమ చేత్తో పెన్ను పట్టుకుంది. పట్టుకోగానే చెయ్యి దానంతటది కదిలింది. యమున అని గుండ్రంగా పడింది. 'య' కింద ఒక పొడుగాటి తోక వచ్చింది. కిందివరసలో ఆ వారం చెప్పిన సూత్రం పడింది, దాని కింద లెక్క, దాని కింద జవాబు. ఆ పిల్ల భయపడి పెన్ను వదిలేసింది. తన చేతిని తనే, ఎవరో తెచ్చి అతికించిన దాన్ని చూసినట్టు తిప్పి తిప్పి చూసుకుంది.

పద్మకుమారి కాగితం మీద ఆ తోకను చూసింది. జగన్నాధం వైపు చూసింది. బోర్డు మీద 'య' కింద అలాంటి తోక లాగేది ఆ బడిలో ఒక్కరే.

ఆయన తప్పు చేసినవాడిలా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. మీరు ఊళ్ళో లేనప్పుడు, రోజూ భోజనాలయ్యాక ఈ బెంచీలోనే కూర్చునేవాణ్ణని చెప్పాడు. నీడ ఎడమచేతి మీద తన ఎడమచెయ్యి ఉంచి దిద్దించేవాడట. మొదటి వారమంతా అన్నీ గీతలేనట.

"ఎడమ చేత్తో నాకూ రాదు మేడం" అన్నాడు. "ఇద్దరం కలిసే నేర్చుకున్నాం."

యమున ఆ రోజు టీసీ అడగలేదు. పరీక్షల ముందు పైఅధికారి బడి చూడ్డానికి వచ్చి, ఈ పిల్ల తరఫున రాయడానికి మనిషిని పెట్టుకునే వీలుందని చెప్పాడు. ఆమె లేచి నిలబడింది.

"వద్దు సార్, నాను రాస్తాను" అంది.

అధికారి ఆమె కుడిచేతివైపు చూసి, హెచ్చెమ్‌వైపు చూశాడు. పద్మకుమారి అతనికి ఏమీ వివరించలేదు. పక్క బెంచీలవైపు చూపించింది. అక్కడ పిల్లలు, పనుల్లోంచి తిరిగొచ్చినవాళ్ళతో సహా, రాసుకుంటున్నారు. అతను వాళ్ళను లెక్కపెట్టాడు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టాడు. ఏడాదిగా బల్ల మీద పెట్టుకున్న ఆ విలీనం మాట, తాడిగెడ్డవలసలో ఎత్తకుండానే జీపెక్కాడు.