పందొమ్మిదో ప్రశ్న

అక్క నోటుబుక్కులో పందొమ్మిది ప్రశ్నలున్నాయి. చైనా కొండల్లో పట్టుపురుగులు పెంచేవాళ్లను అడగాలని ఒక్కొక్కటిగా రాసుకొంది. వానాకాలంలో ఆకు తడిస్తే ఎలా ఆరబెడతారు, సున్నం ఎప్పుడు చల్లుతారు, ఎండ ఎక్కువైతే గదిని ఎలా చల్లబరుస్తారు, ఇలాంటివి. పద్దెనిమిది అడగాలని, చివరిది అడగకూడదని నేను ఇంట్లోనే అనుకొని బయలుదేరాను.

నిజానికి ఆ ప్రయాణం అక్కది. మా అక్క త్రివేణి సూళగిరి దగ్గరి చాకీ సెంటర్లో పని చేసేది. గుడ్లు పగిలి బయటికొచ్చిన చిన్న పురుగులను మొదటి వారం సాకి, తర్వాత రైతుల ఇళ్లకు ఇచ్చే చోటు అది. దాన్ని నడిపే గోవిందప్ప, ఐదుగురిని చైనాలోని యునాన్ కొండలకు వారం రోజులు తీసుకుపోతానని జూన్‌లో చెప్పాడు.

"నువ్వు రాకుంటే నేను పోయి ఏం చూసేదమ్మా త్రివేణీ? నాకు తిండి తప్ప వేరే ఏమీ కనపడదు" అన్నాడట.

అక్క తనతోపాటు నాకూ పాస్‌పోర్టుకు పెట్టించింది. "ఎప్పుడో ఒకనాడు ఇద్దరమూ పోతాంలే" అంది. ఫొటోలో నవ్వకూడదంటే నవ్వు ఆపుకోలేక మూడుసార్లు దిగింది.

ఆగస్టులో అక్క పోయింది. డెంగీ జ్వరం. ఇరవై ఆరేళ్లు.

దినాలు అయిపోయాక గోవిందప్ప కుందారపల్లి దగ్గరున్న మా ఇంటికి వచ్చి, అక్క బదులు నన్ను పంపమని అమ్మను అడిగాడు.

"ఇది నోరు తెరిచి అన్నం కూడా అడగదు, గోవిందప్పా. ఆడ పోయి ఏం అడుగుతాది?" అంది అమ్మ.

"అడిగేది రాసిపెట్టి పోయింది కదమ్మా ఆ బిడ్డ. చదివితే చాలు."

అమ్మ పేరు మారెమ్మ. ఊళ్లో ఇప్పుడు ఆ పేరు ఎత్తితే కొందరు తల అడ్డంగా ఊపుతారు. అక్కకు జ్వరం వచ్చిన రోజు ఇంట్లో పురుగులు పండి, గూడు కట్టడానికి సిద్ధంగా ఉన్నాయి. వాటిని ఏరి, గూళ్లు కట్టుకొనే వెదురు చంద్రికల మీద వెయ్యాలి. ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరికీ కూర్చునే తీరిక ఉండదు. "మాత్ర వేసుకొని పండుకో పాపా, గూళ్లు పడనీ" అంది అమ్మ. మూడో రోజు కృష్ణగిరి పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. ఆరో రోజు అక్కను ఇంటికి తెచ్చాం.

కుళాయి దగ్గర మా వీధిలోని చెన్నరాయప్ప భార్య మొదట అంది. "కూతురు జ్వరంతో కాలిపోతా ఉంటే ఈయమ్మ పురుగులు ఏరతా కూర్చున్యాది." తర్వాత అందరూ అన్నారు. అమ్మ ఎవరితోనూ వాదించలేదు. "అవును, నేనే" అనేది. ఆ మాట అంటూనే బిందె ఎత్తుకొనేది. నేను పక్కనే ఉండి ఊరకున్నాను.

ఊరకుండడం నాకు చిన్నప్పటినుంచి అలవాటు. కానీ ఆ ఊరకుండడం వేరు.

మా ఇంట్లో ముందుగది పురుగులది, వెనకగది మాది. పురుగులున్న ఇంట్లో దోమల కాయిల్ వెలిగించరు. ప్లగ్గులో పెట్టే మందూ పెట్టరు. ఆ వాసన తగిలితే పురుగులు మెలికలు తిరిగి చస్తాయి. మా వైపు చిన్నపిల్లలకు కూడా ఇది తెలుసు. అందుకే అక్క బర్గూరు కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు కొన్న దోమతెరను ఇంటికి తెచ్చి మంచానికి కట్టుకొంది. తెల్లవారుజామున నాలుగింటికే ఆకు కొయ్యడానికి లేచేది కాబట్టి, మధ్యాహ్నం సెంటరు నుంచి వచ్చి ఆ తెరలో ఒక గంట నిద్రపోయేది.

జులై ఆఖరులో ముందుగది కిటికీ వల చినిగింది. ఊజీ ఈగలు తిరిగే కాలం. ఆ ఈగ పురుగు మీద గుడ్డు పెడుతుంది. దాని పిల్ల పురుగును లోపలినుంచి తినేస్తుంది. ఒక్క ఈగ దూరినా చాలు. ఆ పొద్దు ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. నాయన మేకలతో పోయాడు. అమ్మ తోటలో ఉంది. ఈగ కిటికీ చువ్వల మీద వాలడం చూశాను. కత్తెర తీసుకొని అక్క దోమతెరను రెండుగా కోసి, కిటికీకి కుట్టేశాను. బాగా కుట్టాను. ఈగ దూరలేదు.

అక్క ఇంటికొచ్చి కిటికీ చూసి నవ్వింది. "ఏమే శక్తీ, పురుగులకి పెండ్లి చేస్తా ఉండావా, తెర కట్టినావు?" అంది. ఆ తర్వాత, "పోనీలే. ఆదివారం సంతలో కొత్తది తెచ్చుకొంటా" అంది. ఆ ఆదివారం ఆకు కోతకు మనుషులు రాలేదు. అక్క సంతకు పోలేదు.

దోమ ఎక్కడ కుట్టిందో ఎవరు చెప్పగలరు? సెంటర్లో కుట్టిందేమో, తోటలో కుట్టిందేమో. ఆ దోమ పగటిపూట కుడుతుందని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. అక్క పగటిపూట పడుకొనేది. ఇంతవరకే నాకు తెలుసు. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

అక్క పోయాక నోటుబుక్కు తెరిచాను. పందొమ్మిదో ప్రశ్న కింద తేదీ ఉంది. నేను తెర కోసిన మూడో రోజు. "మీ ఇళ్లలో దోమలు ఎక్కువైతే ఏం చేస్తారు? పురుగులకు ఏమీ కాకుండా, మనుషులు నిద్రపోవాలంటే?"

అక్టోబరులో బయలుదేరాం. బెంగుళూరులో విమానం ఎక్కి, ఇంకొకటి మారి, కున్మింగ్‌లో దిగాం. అక్కణ్నుంచి చిన్న బస్సులో కొండల్లోకి. మాతో దుబాసిగా గోపీచంద్ వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో చైనా మిషన్లు బిగించేవాళ్లతో నాలుగేళ్లు పని చేసి ఆ భాష నేర్చుకొన్నాడట. అందరినీ "అండీ" అనేవాడు. నన్ను కూడా. నన్ను అంతవరకూ ఎవరూ అండీ అనలేదు.

దారి కొండను చుట్టుకొంటూ పైకి పోయేది. కిందికి చూస్తే ఎక్కొచ్చిన దారి ఏడెనిమిది మలుపులుగా కనిపించేది. మబ్బు కిటికీ పక్కనే ఉండేది. మన్ను ఎర్రగా, మా రాయకోట దారిలో మన్నులాగే ఉంది. వాలు మీద మెట్లు మెట్లుగా మల్బరీ తోటలు. వీపుకు బుట్టలు కట్టుకొని ఆడవాళ్లు ఆకు మోస్తున్నారు. మేము తలమీద మోస్తాం. వాళ్ల చేతులు ఖాళీగా ఉండడం చూసి అది రాసుకొన్నాను. ఇళ్ల చూరుల కింద మొక్కజొన్న కంకులు జడలు కట్టి వేలాడదీశారు. వయసులో ఉన్నవాళ్లు ఊళ్లలో తక్కువ. అందరూ దూరంగా ఫ్యాక్టరీల్లో ఉన్నారని గోపీచంద్ చెప్పాడు.

తిండి దగ్గర గోవిందప్పకు కష్టమైంది. బియ్యప్పిండితో చేసిన తెల్లటి పోగులు గిన్నెలో పెట్టి ఇచ్చారు. పుల్లలతో ఎత్తితే జారిపోయేవి.

"ఏమప్పా గోపీ, ఇది అన్నమా, దారమా? గూళ్లు ఉడకేసి తీసి నాకు పెట్టినట్టుండాది."

"తినండి గోవిందప్పగారూ, ఇక్కడ ఇదే టిఫిను."

"తింటా. తిని రాట్నానికి చుట్టుకొంటా."

అందరూ నవ్వారు. అక్క ఉంటే దానికి ఇంకొక మాట కలిపేది.

రెండు రోజులకొకసారి గోపీచంద్ ఫోను నుంచి అమ్మతో మాట్లాడేదాన్ని. "ఆడ ఆకు ఎట్లుండాది?" అని అడిగేది. "పెద్దగా ఉండాదమ్మా." "చలి ఉండాదా?" "ఉండాది." "అందరినీ అడగతా ఉండావా?" "అడగతా ఉండా." చివర్లో అమ్మ, "జాగ్రత్త పాపా, యాడన్నా జ్వరం తగిలితే దాచొద్దు" అనేది. ప్రతిసారీ అదే మాట.

ఐదు రోజుల్లో పద్దెనిమిది ప్రశ్నలకు జవాబులు రాశాను. ఆరో రోజు అన్నిటికంటే పైనున్న ఊరికి పోయాం. అక్కడ మా అమ్మ వయసు మనిషి ఒకామె పురుగులు పెంచుతోంది. ఇంటిపేరు లీ అని గోపీచంద్ చెప్పాడు. గోవిందప్ప వెంటనే "లీ అమ్మా, బాగుండారా?" అన్నాడు. ఆమెకు అర్థం కాకపోయినా నవ్వింది.

అందరూ చేతులు కడుక్కొని, సున్నం మీద కాళ్లు పెట్టి, పురుగుల గదిలోకి పోయారు. నేను గడప దగ్గర ఆగాను. మా వైపు చావు జరిగిన ఇంటివాళ్లు ఏడాది తిరిగేదాకా వేరేవాళ్ల పురుగుల గది తొక్కరు. ఈ ఐదు రోజులూ నేను గడప బయట నిలబడే చూశాను. ఎవరూ గమనించలేదు. లీ అమ్మ గమనించింది. బయటికొచ్చి ఏదో అడిగింది.

"ఎందుకు రావడం లేదంటోందండీ" అన్నాడు గోపీచంద్.

"మా ఇంట్లో సావు అయింది. రాకూడదు."

అతను చెప్పాడు. ఆమె నా ముఖం చూసింది. తర్వాత నా మణికట్టు పట్టుకొని లోపలికి తీసుకుపోయింది. ఆమె చెయ్యి ఆకుపసరుతో నల్లబడి గరుకుగా ఉంది. లోపల పురుగులు ఆకు తింటున్న చప్పుడు వినిపించింది. సన్న వాన పడుతున్నట్టు. ఇంట్లో వినే చప్పుడే. ఏడాది అవకముందే వేరేవాళ్ల గదిలో ఆ చప్పుడు మధ్య నిలబడ్డాను.

నోటుబుక్కు తెరిచి పందొమ్మిదోది చదివాను. అడగకూడదనుకొన్నదే.

లీ అమ్మ ఆశ్చర్యపోయింది, ఇదేం ప్రశ్న అన్నట్టు. పురుగుల గది కిటికీకున్న సన్న వల చూపించింది. తర్వాత వాకిలి దాటించి ఇంట్లోకి తీసుకుపోయింది. మంచం మీద దోమతెర. పాతది. ఎన్నో చోట్ల అతుకులు వేసి ఉంది. కిటికీకి ఒకటి, మంచానికి ఒకటి. అంతే జవాబు.

"మీ ఇంట్లో లేదా అని అడుగుతోందండీ."

"ఉండింది."

"ఏమైందంటోంది."

గోపీచంద్ ఎదురుచూశాడు. లీ అమ్మ ఎదురుచూసింది. నేను ఆ తెర మీది అతుకును వేలితో తడిమాను.

"చినిగిపోయిందని చెప్పండి."

అతను చెప్పాడు. ఆమె ఒక పెట్టె తెరిచి, తువ్వాలంత వల ముక్కను, దారం చుట్టిన సూదిని తీసి నా చేతిలో పెట్టింది. ఏదో చెప్పింది.

"చినిగినంత మాత్రాన పారెయ్యొద్దంటోంది. అతుకు వేసుకొని వాడుకోమంటోందండీ."

బస్సులో ఆ ముక్కను ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. అంత దూరం పోయి, ఎవరో తెలియని మనిషికి కూడా అబద్ధమే చెప్పాను. ఆమె దాన్ని నమ్మి సూదీ దారమూ ఇచ్చింది.

శనివారం మధ్యాహ్నం ఇల్లు చేరాను. కొత్త బ్యాచి పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా ఉండడాన్ని మా వైపు జ్వరం అంటారు. అమ్మ ఆకు వేస్తోంది. నా సంచి విప్పి వల ముక్క తీసింది.

"ఏమిది? ఇంత దూరం పోయి ఇదా తెచ్చినావు?"

చెప్పాను. తెర సంగతి, కత్తెర సంగతి, అక్క నవ్వింది, పందొమ్మిదో ప్రశ్న. అమ్మ ఆకు వెయ్యడం ఆపలేదు. ఒక తట్ట అయ్యాక ఇంకొక తట్ట. తట్టలు పేర్చిన స్టాండు మొత్తం పూర్తి చేసింది. తర్వాత కిటికీ వైపు చూసింది. నేను కుట్టిన కుట్లు గట్టిగానే ఉన్నాయి.

"ఆ చైనాయమ్మకి బిడ్డలెంతమంది?" అంది.

"ఒక కొడుకంట. దూరంగా పనిలో ఉండాడంట."

"ఊఁ."

ఖాళీ ఆకు బుట్ట పక్కన పెట్టి అడిగింది. "ఎవరితో చెప్పినావు ఇది?"

"ఎవరితో చెప్పలేదు. రేపు సెంటర్లో చెప్తా."

"వద్దు." అమ్మ గొంతు గట్టిపడింది. "ఆ మాట నన్ను అంటా ఉండారు, అననీ. నేను ఆలస్యం చేసింది నిజమే కదా. నీకు ఇంకా చానా దినాలుండాయి. ప్రశ్న చదువు, జవాబు చదువు, కూర్చో."

ఆదివారం చాకీ సెంటర్లో నలభై మంది రైతులు కూడారు. అమ్మ కూడా వచ్చి వెనక కూర్చుంది. అక్క పోయాక ఆమె నలుగురిలోకి రావడం అదే మొదలు. గోవిందప్ప "చెప్పమ్మా" అని నన్ను నిలబెట్టాడు. నేను చదివాను. ఒకటి, రెండు, మూడు. వీపు బుట్టల సంగతి విని కొందరు నవ్వారు. పద్దెనిమిది అయ్యాయి.

"పందొమ్మిది" అన్నాను. ప్రశ్న చదివాను. "జవాబు: కిటికీకి ఒక వల, మంచానికి ఒక తెర. ఒకదాని కోసం ఇంకొకదాన్ని కొయ్యరు."

అమ్మ చెప్పినట్టు ఇక కూర్చోవచ్చు. అమ్మ నన్నే చూస్తోంది. చెన్నరాయప్ప భార్య ముందు వరసలో ఉంది.

"మా ఇంట్లో అక్క మంచం తెర ఉండింది" అన్నాను. "దాన్ని కోసి కిటికీకి కుట్టింది నేను. అమ్మకి తెలీదు. ఎనిమిది దినాలకి అక్కకి జ్వరం వచ్చింది."

నోటుబుక్కు మూశాను. గోవిందప్ప కళ్లద్దాలు తీసి తుడుచుకొన్నాడు. చెన్నరాయప్ప భార్య ఎవరినీ చూడకుండా అడిగింది. "ఆ మంచం తెర... హోసూరులో దొరుకుతాదా అప్పా?"

"దొరుకుతాదమ్మా" అన్నాడు గోవిందప్ప.

ఇంటికి పోయేటప్పుడు అమ్మ నాకంటే చాలా ముందు నడిచింది. కోపమో ఏమో తెలియలేదు. నేను తొందరపడి కలుసుకోలేదు. మా తోట మలుపు దగ్గర ఆగింది. నేను వచ్చేదాకా నిలబడింది. చెయ్యి చాపి, నా దగ్గర్నుంచి నోటుబుక్కు తీసుకొంది.

అమ్మకు చదువు రాదు. నడుస్తూనే ఒక్కొక్క పేజీ తిప్పింది. అక్క రాత ఉన్న పేజీలు, నా రాత ఉన్న పేజీలు. పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకొంది. నేను సరిచేయలేదు.