వార్డెనుగారి నాలుగు రోజుల భోజనం

గాజువాకలోని ఆ వృద్ధాశ్రమంలో పంతొమ్మిది మంది ఉండేవారు. వార్డెను శ్రీరామ్మూర్తికి వాళ్ళంటే ప్రేమే. కాకపోతే ముసలివాళ్ళ కడుపు పసివాళ్ళ కడుపులాంటిదని ఆయన గట్టి నమ్మకం. అందుకని రెండు పూటలా మెత్తటి అన్నం, పలచటి చారు, మజ్జిగ. పప్పు ఆదివారం మాత్రమే. తన భోజనం ఇంటి నుంచి క్యారేజీలో వచ్చేది.

1984 వానాకాలంలో చలమయ్య కుళాయి దగ్గర కూలబడిపోయాడు. ఒకప్పుడు రేవులో బస్తాలు మోసిన మనిషి, చెంబెడు నీళ్ళు ఎత్తలేకపోయాడు. చూడవచ్చిన డాక్టరమ్మ ఆయన నాడి చూసింది, కళ్ళు చూసింది, ఆపైన వంటగదిలోకెళ్ళి గిన్నెల మూతలు తీసి చూసింది.

"ఈయనకి జబ్బేమీ లేదండీ. తిండి చాలక నీరసం. పప్పు, గుడ్లు, చేపలు, ఆకుకూరలు పెట్టండి. మెత్తగా వండితే అరుగుతాయి."

ఆమె వెళ్ళాక శ్రీరామ్మూర్తి తల అడ్డంగా ఊపాడు. "ఈ వయసులో చేపలా? అరక్క మంచాన పడితే ఎవరిది పూచీ?"

నలభై ఏళ్ళు వీధివీధీ తిరిగి చేపలమ్మిన అప్పాయమ్మ అక్కడే ఉంది. బేరం వదిలే మనిషి కాదు.

"ఒక్క మాట బాబూ. నాలుగు దినాలు నువ్వూ మా బంతిలోనే కూకో. మాకెట్టిందే తిను. సాల్తాదంటే మేం మరి నోరెత్తం."

అందరూ నవ్వేసరికి ఆయనకు రోషం వచ్చింది. సరేనన్నాడు.

మొదటిరోజు "ఒళ్ళు తేలిగ్గా ఉంది" అన్నాడు. రెండోరోజు చారు గిన్నె వంచి అడుగుదాకా పోయించుకున్నాడు. మూడోరోజు ఊరికే అందరినీ కసిరాడు. నాలుగోరోజు పదకొండింటికి కుర్చీలో లేడు. అప్పాయమ్మ వెతుక్కుంటూ వెళితే, వీధి చివర టిఫిను బండి చాటున నిలబడి గారెలు తింటున్నాడు.

"ఏటి సేత్తన్నావ్ బాబూ?"

ఆయన నోట్లోది గబగబా మింగాడు. ముఖం ఎర్రబడింది. "ఇన్నాళ్ళూ ఎలా ఓర్చుకున్నారమ్మా మీరు?" అన్నాడు మెల్లగా.

"ముందు ఆ గారె తిను బాబూ, సల్లారిపోతాది" అందామె.

మర్నాడు వంటగది అయూబ్ చేతికొచ్చింది. ముప్పై ఏళ్ళు సరుకు ఓడల్లో వంట చేసిన అయూబ్, ఆశ్రమంలో చేరిన రోజు నుంచీ గరిటె ఇమ్మని అడుగుతూనే ఉన్నాడు. పొద్దున్నే రాగులు కాచిన చోడంబలి, మధ్యాహ్నం మునగాకు పప్పు. అప్పాయమ్మ సిటీబస్సెక్కి రేవుకెళ్ళి కవ్వళ్ళ చేపలు తెస్తే, ముల్లు మెత్తబడేదాకా పులుసులో మగ్గించేవాడు. చేపలు తిననివాళ్ళకు గడ్డపెరుగు, మెదిపిన సెనగలు. ఎవరికీ అరక్కపోలేదు. శ్రీరామ్మూర్తి ఇంటి క్యారేజీ మానేసి బంతిలోనే కూర్చునేవాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయం చలమయ్య మంచం ఖాళీగా ఉంది. శ్రీరామ్మూర్తి కంగారుగా గేటు దాకా పరుగెత్తాడు. ఎదురుగా చలమయ్య, భుజం మీద మునగాకు మోపుతో నడిచొస్తున్నాడు.

"ఎక్కడికెళ్ళావయ్యా చెప్పకుండా?"

"ఆకు అయిపోనాదని అయూబ్ బాయ్ గింజుకుంతన్నాడు కదా బాబూ. మన పక్కింటోల మునగసెట్టే ఎక్కేద్దునుగానీ, నువ్వు తిడతావని మార్కెట్టుకెళ్ళొచ్చాను."