కూర్చున్నవాళ్ళు

రెండు బల్లల మధ్య, పగిలిన గ్లాసుల మీద పడిపోయింది చిన్నక్క. చేతిలో ట్రే అలాగే ఉంది. ఏడో నెల. మేనేజరు పరుగున వచ్చి, ముందు కస్టమరు చొక్కా తుడిచాడు. ఆ తర్వాత మావైపు తిరిగి, "లోపలికి లాగండి, జనం చూస్తున్నారు" అన్నాడు.

తీసుకెళ్ళాం. కూర్చోబెట్టడానికి కుర్చీ లేదు. ఈ పాటల హాలులో తలుపులు మూసేదాకా పనివాళ్ళు నిలబడే ఉండాలి. కూర్చుంటే బద్ధకం పెరుగుతుందని ఓనరు వెనకగదిలో బెంచీ కూడా తీయించేశాడు. గ్లాసులు కడిగే నేను తడి నేల మీదే చతికిలబడి ఆమె తల ఒళ్ళో పెట్టుకున్నాను. నేలంతా రక్తం.

బిడ్డ దక్కలేదు.

మర్నాడు మధ్యాహ్నం బ్యాండువాళ్ళు సౌండు సరిచూసుకుంటుంటే, మేమంతా వేదిక ముందుకెళ్ళాం. బాత్రూములు కడిగే పెద్దమ్మే నోరు విప్పింది.

"సాయంత్రం పాట మొదలవగానే కూర్చుంటాం. మీరేం చేస్తారు?"

"మేం కళాకారులం పెద్దమ్మా. మీ గొడవలోకి మమ్మల్ని లాగొద్దు" అన్నాడు గిటారతను. "ఓనరు రేపటికల్లా కొత్తవాళ్ళని తెస్తాడు. బయట పని దొరక్క బోలెడుమంది తిరుగుతున్నారు."

అబద్ధమేం కాదు. ఆ మాటకి మాలో ఇద్దరు వెనక్కి తగ్గారు. మంచాన పడ్డ మా అత్త మందుల ఖర్చు నాకూ గుర్తొచ్చింది.

"నేను కూర్చునే వాయిస్తాను గదా, ఈ విషయంలో మాట్లాడ్డానికి నాకు సిగ్గుగా ఉంది" అన్నాడు డ్రమ్సు వాయించే ముసలాయన. ఎవరో కిసుక్కున నవ్వారు.

పాటలమ్మాయి నవ్వలేదు, గిటారతనివైపు తిరిగింది. "నేనూ నిలబడే పాడతాను. చిన్నక్కకీ నాకూ తేడా ఏముంది? నా మీద లైట్లు పడతాయి, అంతే. నువ్వు వాయిస్తే వాయించుకో అన్నా. పాట మాత్రం ఉండదు."

సాయంత్రం హాలు నిండింది. పాటలమ్మాయి వచ్చి వేదిక అంచున కూర్చుంది. మేం ట్రేలు దించి ఎక్కడివాళ్ళం అక్కడే కూర్చున్నాం. వెనక్కి తగ్గిన ఇద్దరూ కూర్చున్నారు. గిటారతను చాలాసేపు ఓనరు మొహం చూశాడు. చివరికి గిటారు పక్కన పెట్టి కూలబడ్డాడు. జనం ఈలలేశారు, తిట్టారు. ఒకాయన మాత్రం లేచి తన కుర్చీ పెద్దమ్మ ముందుకు జరిపాడు.

"నా ఒక్కదానికే అయితే వద్దు బాబూ" అంది.

"లేవండి. లేస్తే జరిగింది మర్చిపోతాను" అన్నాడు ఓనరు.

"మేం మర్చిపోం" అంది పెద్దమ్మ.

పోలీసులొచ్చారు. జుట్టు పట్టి ఈడ్చారు. పెద్దమ్మ పెదవి చిట్లింది.

మర్నాడు పొద్దువాలేదాకా ఆడవాళ్ళందరం లాకప్పులోనే ఉన్నాం. "మీ బదులు కొత్తవాళ్ళొచ్చేశార్లే" అని నవ్వుతూ చెప్పి వెళ్ళాడు కానిస్టేబులు. ఒకామె గోడకేసి తలబాదుకుని ఏడ్చింది. అంతా అయిపోయిందనుకున్నాను. ఇంటికెళ్ళి అత్తకేం చెప్పాలో ఆలోచిస్తున్నాను.

తలుపు తెరుచుకుంది. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళని లోపలికి నెట్టారు. ఒంటి మీద మా హాలు యూనిఫాం.

"ఎవరమ్మా మీరు?" అంది పెద్దమ్మ.

"మీ బదులు తెచ్చినవాళ్ళం" అంది ముందున్న పిల్ల, చిరిగిన జాకెట్టు చెయ్యి సర్దుకుంటూ. "మీ చిన్నక్క మొగుడు హాలు గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళందరికీ జరిగింది చెబుతున్నాడు. విన్నాక ఇక నిలబడబుద్ధి కాలేదు."

పెద్దమ్మ చోటిస్తూ గోడవైపు జరిగింది. మేమంతా జరిగాం.