మండెలో ఊపిరి

నేను ఒక మైటోకాండ్రియాను. వరిగింజలో, మొలక పుట్టే చోట, ఒక కణంలో నా కాపురం. పైకి గింజ నిద్రపోతున్నట్టే ఉంటుంది గానీ, లోపల పొయ్యి ఆరిపోకుండా చూసుకునే బెంగ మాది. అందులోనూ నాకు పుట్టుకతోనే కంగారెక్కువ.

నేను తల్లిమొక్క నుంచి వచ్చాను. కోతలప్పుడు కొమురవ్వ అనే రైతు మడంతా తిరిగి, గింజల బరువుకు వంగిన వరిగొలుసులు ఒక్కొక్కటే ఏరి, విత్తనానికని విడిగా ఎండబెట్టింది. గింజలో తడి తగ్గేకొద్దీ నేనూ ముడుచుకుపోయాను. చలికాలంలో వేసే యాసంగి పంట దాకా అలాగే పడి ఉన్నాను.

డిసెంబరులో ఆమె భర్త ఓదెలు మమ్మల్ని నానబోశాడు. నా ఒళ్లు విచ్చుకుంది, పని మొదలైంది. గింజలోని పిండి చక్కెరై, విరిగి, నా దగ్గరికొస్తుంది. దాన్నుంచి ఎలక్ట్రాన్లు తీసి, నా లోపలి పొరలో వరుసగా నిలబడ్డవాళ్లకు అందిస్తాను. బావి తవ్వేచోట మట్టితట్టల్లా అవి చేతులు మారుతూ పోతాయి. తట్ట చేయి మారేటప్పుడు వరుసలోవాళ్లు ప్రోటాన్లను పొర అవతలికి తోస్తారు. అవి తిరిగొచ్చే దారిలో ఒక చక్రముంది. అది తిరిగితే ఏటీపీ తయారవుతుంది, మొలక కదిలేది దాని బలంతోనే. చివరి తట్ట అందుకుని నీరైపోయేది ఆక్సిజన్. ఆయనొక్కడు రాకపోతే ఎవరి తట్ట వాళ్ల నెత్తినే ఉండిపోతుంది.

ఇక ఓదెలు ఘనకార్యం వినండి. నానిన గింజల్ని గోనెసంచిలో కట్టి, గడ్డి కప్పి మొలకెత్తించడాన్ని ఇక్కడ మండె కట్టడమంటారు. పోయినేడు చలికి మండె మొలవలేదని కొమురవ్వ వాడంతా వినేట్టు కడిగేసింది. ఆ రోషం మనసులో పెట్టుకుని, ఈసారి ఆమె పత్తి ఏరడానికి పోగానే గడ్డిమీద ప్లాస్టిక్ పరదా రెండు చుట్లు చుట్టి, తాడు బిగించి, పైన రోలు కూడా ఎక్కించాడు.

"ఇగ సలి యాడికెల్లి వస్తదో సూస్త!" అన్నాడు.

చలి రాలేదు, నిజమే. గాలి కూడా రాలేదు.

మొదట వెచ్చగా, హాయిగానే ఉంది. వేల గింజలం కలిసి ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ పీల్చేశాం. ఆపైన వరుస ఆగింది, చక్రం ఆగింది. భయం వేసింది, దాచడమెందుకు! నా బయట కణం చక్కెరను పులియబెట్టి చారెడు ఏటీపీ సంపాదిస్తోంది. దానితోపాటు ఆల్కహాలు ఊరుతోంది. గాలి లేకపోయినా వరి మొండిగా మొలకముక్కు బయటపెడుతుంది. వేరు మాత్రం రాదు. ఇంకొక్క పూట ఇలాగే గడిస్తే మా పని అయిపోతుంది. ఆ ఇంట్లో వేరే విత్తనం లేదని కూడా నాకు తెలుసు.

మర్నాడు పొద్దున కొమురవ్వ మండె దగ్గరికొచ్చి ముక్కు ఎగబీల్చింది.

"ఏందయ్యా, కల్లువాసనొస్తుంది? తాగినవా?"

"పొద్దుగాల్నే తాగుతనా? నేను ముట్టలే!"

ఆమె వంగి పరదాను వాసన చూసింది. "అయ్యో! నువ్వు గాదు, గింజలు తాగినయ్! ఊపిరాడకుంట గిట్ల కడ్తరా ఎవలన్న? ఇవి సస్తే నారు దేనితోని పోస్తవ్?"

రోలు దొర్లించి, తాడు కోసి, గింజల్ని గోనెపట్టామీద పలుచగా నెరిపింది. గాలి వచ్చింది గానీ నా గండం తీరలేదు. ఆగిపోయిన ఎలక్ట్రాన్లు దారితప్పి ఆక్సిజన్‌మీద పడితే అది కణాన్నే కాల్చే విషమవుతుంది. మా మొక్కలవాళ్లకు ఒక దొడ్డిదారి ఉంది. అటు మళ్లిస్తే ఎలక్ట్రాన్లు వరుసంతా తిరక్కుండానే ఆక్సిజన్‌ను చేరి నీరవుతాయి. ఏటీపీ అంతగా రాదు, ఉత్త వేడి. దండగమారి దారని ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఆ రోజు నన్ను కాచింది అదే.

ఆ పగలంతా ఓదెలు గోనెపట్టా పక్కనే కూర్చున్నాడు. గుండె దడదడలాడుతోంది పాపం. ఆ గుండెను ఆడిస్తున్నది తన లోపలున్న నా చుట్టాలేనని ఆయనకేం తెలుసు?

మర్నాడు కొమురవ్వ గుప్పెడు గింజలు తీసింది. కొన్ని మెత్తబడి చచ్చిపోయాయి. వాటిని పక్కకు వేసి ఒక గింజను వేలికొనమీద పెట్టుకుంది. అది మాదే.

"ముక్కయితే వచ్చింది. ఏరేదయ్యా?"

నేను చక్రం తిప్పుతూనే ఉన్నాను. ఆమె గింజను వెలుగుకు తిప్పింది.

"ఇగో! ఏరొచ్చింది! సూడు, తెల్లగ!"

ఓదెలు దగ్గరికి వంగి, అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాడు. అది మా గింజకు వెచ్చగా తగిలింది. ఆయన వాడుకోగా అందులో ఇంకా కొంత ఆక్సిజన్ మిగిలే ఉంది. నా తర్వాతి తట్ట దానికే అందించాను.