మిడతల ఏడు

పెనినా అచోలా అబోన్యో అవ్వ వాకిట్లో నిలబడి దగ్గింది. ఇరవై ఆరేళ్ళుగా సియాయా జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి వయసులు రాసుకునే ఉద్యోగం ఆమెది. పుట్టిన తేదీ తెలియనివాళ్ళను ఏ కరువులో, ఏ వరదలో పుట్టారో అడిగి, ఏది ఏ ఏడాది జరిగిందో రాసి ఉన్న పట్టీ చూసి వయసు తేలుస్తుంది. ఎడమ చెప్పు మడమ దగ్గర కాగితంలా అరిగిపోయింది. ఈ రోజుతో ఉద్యోగం సరి.

అయినా ఒక సంగతి తేల్చుకోవాలని వచ్చింది. రక్తాన్ని పరీక్షించి వయసు చెప్పే లెక్క ఒకటి వచ్చింది. తెల్లవాళ్ళ రక్తం మీద కట్టిన లెక్క. ఇక్కడ పనికొస్తే ముందే ముసలిదవుతున్న ఒంటిని, రోగం ముదరకముందే పట్టుకోవచ్చు. అబోన్యో అవ్వకు పెనినా తొంభై రెండేళ్ళు రాసింది. రక్తం డెబ్బై ఆరంది. ఇలాంటివాళ్ళు ఇంకో పదకొండుమంది. "మనకు సరిపడదని ఆపేయమంటున్నారు పైవాళ్ళు," అన్నాడు పొద్దున డాక్టర్ ఒడెరో, మొహం వేలాడేసుకుని.

అవ్వ చాప మీద చిన్నచేపలు ఆరబోస్తోంది.

"అవ్వా, నువ్వు మిడతల ఏడే కదా పుట్టింది? అందుకేగా మిడతల పేరు పెట్టి అబోన్యో అన్నారు?"

"ఎవరే చెప్పింది? అది మా నానమ్మ పేరు. చచ్చిపోయాక మా అమ్మ కల్లోకొచ్చి తన పేరు పెట్టమని అడిగిందట, పెట్టారు. మిడతలు చూసింది ఆవిడ, నేను కాదు."

"మరి నీ పెళ్ళి?"

"తెల్లవాళ్ళు పోయి దేశం జెండా మారిన ఏడు. పదహారేళ్ళ పిల్లని."

పెనినా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. జెండా మారి అరవై ఏళ్ళు, పైన పదహారు. డెబ్బై ఆరు! ఒళ్ళంతా పులకరించింది.

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వడిగితే కదా! పెద్దదాన్నని చావుల దగ్గర ముందు వరసలో కుర్చీ వేస్తున్నారు. నేనెందుకు లేస్తానే?"

పెనినా పగలబడి నవ్వుతూ అవ్వను వాటేసుకుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, ఇంకేమీ అడక్కుండా, అవ్వ పేరు వినగానే మిడతల ఏడని రాసేసుకుంది. ఆ పదకొండుమందిదీ అదే పేరు, మగవాళ్ళయితే ఒబోన్యో, ఆడవాళ్ళయితే అబోన్యో. ఆఫీసుదాకా పరుగులాంటి నడక నడిచింది.

"లెక్క సరిగ్గానే ఉంది డాక్టర్! మన రక్తానికీ పనికొస్తుంది! తప్పింది నేను!"

ఒడెరో ఎగిరి గంతేసినంత పని చేశాడు. అంతలోనే తగ్గాడు. "ఆఖరి రోజున ఈ తప్పు నీ పేరు మీద రాయాలా అక్కా?"

"రాయండి. పెద్దక్షరాలతో రాయండి. మిగతా పదకొండుమందినీ ఎవరైనా వెళ్ళి అడగాలి."

సాయంత్రం టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, ఎవరికీ చెప్పకుండా ఇంటిదారి పట్టింది.

బల్ల మీద పట్టీ ఉండిపోయింది. మిడతల ఏడు పక్కన పెన్సిలుతో ఒత్తి రాసి ఉంది: "పేరు ఎవరిదో అడగండి."