గట్టు మీద బోరు మోటారు

మా ఇద్దరిదీ స్నేహం కాదని ఏడో తరగతిలో తేలింది. తేల్చింది కౌన్సెలింగ్ మేడమ్. ఆవిడ దగ్గర స్నేహం మీద రంగుల చార్టు ఉంది కాబట్టి ఇక తిరుగులేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక మేమిద్దరం బడి మెట్ల కింద వీపుకి వీపు ఆనించి కూర్చుంటాం. ఒకరోజు తను నీళ్ల మోటార్ల గురించి చెబుతుంది, మర్నాడు నేను బల్లుల గురించి చెబుతాను. వినేవాళ్లు మొహం చూడక్కర్లేదు, ఊ కొట్టక్కర్లేదు. మా ఇద్దరికీ ఆటిజం అని డాక్టర్లు చెప్పారు. క్లాసు వాళ్లు అంతకంటే ముందే పరీక్షలు చేసి తనకి మోటారనీ నాకు మూగమొద్దనీ పేర్లు పెట్టేశారు. డాక్టర్ల చదువు దండగ.

"కళ్లలోకి చూసుకోరు, నవ్వుకోరు. ఇదేం స్నేహమమ్మా?" అని మేడమ్ జాలిపడ్డారు. "పదిమందితో కలవాలి. ఈ వారం వేరే వేరే బెంచీల్లో కూర్చోండి. బాగుంటే ఏడాదంతా అలాగే ఉంచేద్దాం."

ఎవరికి బాగుంటేనో చెప్పలేదు.

మోటారుకి క్లాసు లీడరు పక్కన చోటు దొరికింది. లీడరు చార్టులో ఉన్నట్టే మొహంలో మొహం పెట్టి నవ్వింది.

"నీకే రంగు ఇష్టమే? ఏ పాట ఇష్టమే? చెప్పవే! మేడమ్, ఇది పలకట్లేదు!"

వెనక బెంచీ వాళ్లు కూడా స్నేహం చేద్దామని మీద పడ్డారు. మోటారు చెవులు మూసుకుని బల్ల కిందికి దూరింది.

"ఎవరూ కంగారుపడకండి!" అంటూ మేడమ్ కంగారుగా పరిగెత్తుకొచ్చారు. "నా కళ్లలోకి చూడమ్మా! ఊపిరి పీల్చు!"

అందరూ సాయం చేస్తున్నారు. గాలి తప్ప తనకి అన్నీ అందుతున్నాయి.

హాజరు పిలిచినా పలక్కుండా చెయ్యెత్తి ఊరుకునేదాన్ని నేను. ఎలా లేచానో, బల్ల కిందికి వెళ్లి తన వీపుకి వీపు ఆనించాను. ఓదార్చడం నాకు రాదు. అందుకని మా మధ్య ఎన్నడూ లేని పని చేశాను. అబద్ధం ఆడాను.

"బోరు మోటారుని గట్టు మీద పెడతారు."

తను చెవుల మీంచి చేతులు తీయలేదు.

"నీళ్లతో దానికి పనే లేదు," అన్నాను, క్లాసంతా వినిపించేలా.

"ఎవరే చెప్పింది నీకు?" నా వీపు వెనక నుంచి అరుపు. "బోరు లోపల, నీళ్లలో మునిగి ఉండాలి! బయట తిప్పితే కాలిపోతుంది! బుద్ధుందా నీకు?"

అంటూ బయటికొచ్చి, బోర్డు మీద బోరు గీయడం మొదలుపెట్టింది.

మేడమ్ కళ్లు తుడుచుకున్నారు. "చూశారా, నా పద్ధతి ఎలా పనిచేసిందో! వీళ్లిద్దరికీ ఇవాళే స్నేహం కుదిరింది!" కొత్త స్నేహం చెడకూడదని మమ్మల్ని మళ్లీ ఒకే బెంచీలో కూర్చోబెట్టారు. ఏడాదంతా.

ఆ మధ్యాహ్నం నిజానికి బల్లుల వంతు.

"బల్లులు తర్వాత," అంది మోటారు. "నీకు ఏమీ రాదు. మొదట్నుంచీ చెప్పాలి. తిరుగు."

తిరిగి, వీపు ఆనించాను. నాకు అన్నీ వచ్చని ఇప్పటికీ చెప్పలేదు.