జ్వరం తగ్గేదాకా

మంచు డబ్బాలు ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినబడ్డాకే ఆమె వాటిని పెట్టెలో సర్దింది. మరీ గడ్డకట్టినవి తగిలితే టీకామందు పాడైపోతుంది. నడుమ సీసాలు పెట్టి, మూత నొక్కి, పట్టీ భుజానికి తగిలించుకుంది. ఏళ్ల తరబడి ఆ బరువు మోసి మోసి కుడిభుజం కిందికి జారిపోయింది. దర్జీ అయిన మొగుడు ఆమె బట్టలకు ఆ వైపు కాస్త దించి కత్తిరించడం అలవాటు చేసుకున్నాడు.

"నాతో కంటే ఆ పెట్టెతోనే ఎక్కువ కాపురం చేశావు," అన్నాడు మిషన్ మీంచి తలెత్తకుండా.

"అది ఎదురు మాట్లాడదు కదా."

"ఆయాసం సంగతి డాక్టరుకు చెప్పావా?"

"చెప్తాలే, కొండ దిగాక."

చుట్టుపక్కల అందరికీ ఆమె పెట్టెమ్మ. పొట్టి మనిషి, మెల్లని గొంతు. పదిమందిలో కూర్చుంటే ఉన్నట్టే తెలియదు. కొండెక్కే దారిలో ఇదివరకు ఒకచోట ఆగేది, ఇప్పుడు నాలుగుచోట్ల ఆగుతోంది. నెపం మోకాళ్ల మీద పెడుతోంది.

కొండమీది పల్లెలో ఆమె పెట్టె ఏనాడూ తెరుచుకోలేదు. అయినా నెలనెలా వెళ్లేది. తలుపులు మూసుకుంటే బట్టలుతికే బండమీద కూర్చునేది. ఎవరైనా మొక్కజొన్న ఒలుస్తుంటే తనూ నాలుగు కండెలు ఒలిచి, మేకల సంగతి అడిగి, దిగొచ్చేది. "రాతిమీద నీళ్లు ఎన్నాళ్లు పోస్తావమ్మా?" అని ఆసుపత్రిలో నవ్వేవారు.

పల్లె మొత్తానికి పెద్దదిక్కు ఒక అవ్వ, ఆ అవ్వ మాటే తాళం. ఎప్పుడో జీపులో వచ్చినవాళ్లు అవ్వ మనవడికి సూది వేసి వెళ్లిపోయారు. ఆ రాత్రి పిల్లవాడికి ఒళ్లు కాలిపోయింది. తెల్లారేసరికి లేడు. ఎందుకు పోయాడో చెప్పడానికి మళ్లీ ఎవరూ రాలేదు.

ఇవాళ అవ్వ గడపలోనే కూర్చుని ఉంది, ఒళ్లో నెలల మనవరాలితో. పక్క లోయలో కోరింత దగ్గుకి ఒక పసివాడు పోయాడన్న కబురు పల్లెకు అందింది.

"ఒట్టేసి చెప్పు, పెట్టెమ్మా. సూది వేస్తే జ్వరం రాదు కదా?"

రాదంటే పని అయిపోయేది. ఆమె పెట్టె కిందికి దించి, ఊపిరి సర్దుకుంది.

"రావచ్చు, అవ్వా. చాలామందికి వస్తుంది. తగ్గుతుంది కూడా."

"నా మనవడికి తగ్గలేదు."

"వాడికేమైందో నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పను. ఆ రాత్రి మీ దగ్గర ఎవరైనా ఉండాల్సింది, లేరు. ఇవాళ నేనుంటాను. జ్వరం తగ్గేదాకా ఈ గడప దాటను."

అవ్వ మనవరాలిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. తలుపు వెనకనుంచి కోడలు ముందుకొచ్చింది. అత్త ఎదుట ఆ పిల్ల నోరు విప్పడం పెట్టెమ్మ ఎన్నడూ చూడలేదు.

"అత్తా, పిల్లనిటివ్వు. నేను వేయిస్తాను."

అవ్వ పిల్లను ఇవ్వలేదు. తనే ఒళ్లో తిప్పి, చిన్న తొడను రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది. కళ్లు మాత్రం మూసుకుంది.

పొద్దు వాలే వేళకు జ్వరం రానే వచ్చింది. పెట్టెమ్మ జ్వరానికి చుక్కలమందు వేసింది, తడిగుడ్డతో ఒళ్లంతా తుడిచింది, పసిడొక్క ఎగసిపడే తీరు చూస్తూ కూర్చుంది. ఎదురుగా అవ్వ, రెప్ప వాల్చకుండా. వీధిలో తలుపులు ఓరగా తెరుచుకున్నాయి. దీపం పెట్టిన కాసేపటికి పిల్ల నుదుట చెమట పట్టింది. తల్లి రొమ్ము అందుకుని గుటకలు వేయసాగింది. ఆ చిన్న చప్పుడుకు గది గదంతా ఊపిరి బిగబట్టి చెవొగ్గింది.

"తగ్గిందా?" అని బయటనుంచి ఎవరో అడిగారు.

"తగ్గింది," అంది అవ్వ. ఆ మాట చీకట్లో ఇల్లిల్లూ దాటుకుంటూ పోయింది.

"కాస్త నడుం వాలుస్తాను," అని పెట్టెమ్మ గోడవారగా పడుకుంది.

పొద్దున్న అవ్వ వేడినీళ్లు తెచ్చి లేపబోయింది. చెయ్యి చల్లగా తగిలింది. ముఖంలో బాధ జాడ లేదు. పని ముగించుకున్న మనిషి నిద్రలా ఉంది.

గుమిగూడినవాళ్లలో ఒక పెద్దాయన, "సూది అచ్చిరాలేదు," అని గొణిగాడు.

"నోటికొచ్చింది అనకు," అంది అవ్వ నెమ్మదిగా. "తన ఊపిరి అందకపోయినా నా పిల్ల ఊపిరికి కాపలా కాసింది. సూది వేయించడానికి మీ పిల్లల్ని ఎత్తుకోండి. ఆమెతో పాటే మనమూ దిగుదాం."

కొండ మొదట్లో దర్జీ నిలబడి ఉన్నాడు. రాత్రి రాని పెళ్లాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ముందు మంచం కనబడింది, నలుగురి భుజాల మీద. దాని మీద ఆమె పక్కనున్న పెట్టె చూసి అతనికి అర్థమైంది. మంచం వెనక చంటిపిల్లలతో తల్లులు, వాళ్ల వెనక ముసలివాళ్లు, ఎన్నడూ కొండ దిగనివాళ్లు, మలుపు దాటి ఇంకా వస్తూనే ఉన్నారు. ఇంట్లో ఆమె గొంతు పెంచగా అతను వినలేదు. ఆ గొంతు ఇంతమందిని ఎలా పిలిచిందో అతనికి అంతు చిక్కలేదు.

"ఇంతమందా," అన్నాడు. మంచం కోడు మీద చెయ్యి వేసి, వాళ్లతో కలిసి ఆసుపత్రి వైపు నడిచాడు.

కొండమీద పల్లె ఖాళీగా ఉంది. అవ్వ వాకిట్లో దండెం మీద, జ్వరం తగ్గాక పెట్టెమ్మ నీళ్లోడ్చి నాలుగు కొసలూ సాపుగా లాగి ఆరేసిన గుడ్డ గాలికి కదులుతోంది.